చీకటి గదిలో నీటి చుక్కలు

ఈ ఆదివారం మధ్యాహ్నం భోజనాల గది కిటికీలకు దుప్పట్లు కట్టి, జీరో బల్బు ఒక్కటే వెలిగించి, నీటి చుక్కల ఫొటోలు తీస్తూ గడిపాను. బల్ల మీద లోతైన నల్లని ట్రే నిండా నీళ్లు పోశాను. దానికి 40 సెంటీమీటర్ల ఎత్తున, మందుల దుకాణంలో కొన్న సెలైన్ సెట్‌ను నీళ్ల సీసాకు తగిలించి వేలాడదీశాను. చక్రాన్ని కొద్దిగా తిప్పితే చాలు, చుక్క చుక్కకీ మధ్య ఎడం మన చేతిలో ఉంటుంది. ఇంతకంటే ఓపికగా, ఇంత చవకగా చుక్కలు వేసే సాధనం మరొకటి ఉంటుందని నేననుకోను. చుక్క పడే చోట ట్రేకు అడ్డంగా ఒక స్క్రూడ్రైవర్ పెట్టి, దాని మీద మాన్యువల్‌గా ఫోకస్ చేసి, తర్వాత దాన్ని తీసేశాను. ఆపైన లెన్సును ముట్టుకోలేదు.

చుక్కను కదలకుండా పట్టేది కెమెరా వేగమని చాలామంది అనుకుంటారు గానీ, లెక్క వేసి చూస్తే అది కుదరదు. 40 సెంటీమీటర్ల ఎత్తు నుంచి పడిన చుక్క నీటిని తాకేసరికి సెకనుకు 2.8 మీటర్ల వేగంతో ఉంటుంది. షట్టరును 1/200 సెకను దగ్గర ఉంచితే, అది తెరిచి ఉన్న ఆ కాస్త సమయంలోనే చుక్క 14 మిల్లీమీటర్లు జారిపోతుంది. అంటే ఫొటోలో మిగిలేది ఒక చార మాత్రమే. అదే ఫ్లాష్ శక్తిని పూర్తి శక్తిలో 1/64 వంతుకు తగ్గిస్తే వెలుగు సెకనులో సుమారు ఇరవై వేలో వంతు సేపే ఉంటుంది, ఆ వ్యవధిలో చుక్క కదిలేది 0.14 మిల్లీమీటరు. గది చీకటిగా ఉండి, ఎపర్చర్, అంటే లెన్సులో వెలుగు వచ్చే రంధ్రం, ఎఫ్/11 దగ్గర చిన్నగా ఉంటే జీరో బల్బు వెలుతురు సెన్సార్ మీద జాడ కూడా వేయదు కనుక, ఫొటో తీసేది నిజానికి ఫ్లాషే. ఆ ఫ్లాష్‌ను చుక్క మీదికి కాకుండా వెనక్కి మళ్లించి, గాలిపటాల రంగు కాగితం గుండా వేశాను. నీరు వెనకనున్న రంగును తనలోకి తీసుకుంటుంది. ఎదురుగా వేస్తే మెరుపు మచ్చ తప్ప ఏమీ రాదు.

కష్టమంతా సమయం పట్టుకోవడంలోనే ఉంది. చుక్క గొట్టాన్ని విడిచి నీటిని చేరడానికి 0.29 సెకను పడుతుంది. తాకిన చోట గుంట ఏర్పడి, ఆ గుంట చుట్టూ ఉన్న నీరు మధ్యకు కూడుకుని పైకి స్తంభంలా లేవడానికి సెకనులో దాదాపు మరో పదో వంతు. కాబట్టి చుక్క విడివడటం చూసి వెంటనే బటన్ నొక్కితే స్తంభం ఇంకా లేవదు, తాకిన చప్పుడు విని నొక్కితే కూలిపోయి ఉంటుంది. ఈ రెండింటికీ మధ్యనున్న లయ వేలికి అలవాటు కావాలి. స్తంభానికి నీటి లోతు కావాలి. చుక్క తాకగానే చుట్టూ ముళ్లతో లేచే కిరీటానికి మాత్రం పళ్లెంలో పలుచగా పరచిన పాలే మేలు. అమెరికాలోని ఎంఐటీలో హెరాల్డ్ ఎడ్జర్టన్ 1957లో తీసిన ప్రసిద్ధమైన రంగుల కిరీటం కూడా పాల చుక్కదే.

మధ్యలో అమ్మ వచ్చి, "ఆ టపటప ఇంకా ఎంతసేపురా?" అని అడిగింది. ఆ చప్పుడు చుక్క నీటిని కొట్టడం వల్ల వచ్చేది కాదని, అడుగున చిక్కుకున్న చిన్న గాలి బుడగ కంపించి నీటి ఉపరితలాన్ని కదిలించడం వల్ల వచ్చేదని 2018లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు చూపించారు. గిన్నెలు తోమే సబ్బు కాస్త కలిపితే శబ్దం ఆగుతుందట. కానీ సబ్బు తలతన్యతను, అంటే నీటి ఉపరితలాన్ని సాగిన పొరలా బిగబట్టే గుణాన్ని, తగ్గిస్తుంది, తలతన్యత తగ్గితే నా స్తంభం ఆకారమే మారిపోతుంది. కనుక అమ్మే కాసేపు ఓర్చుకోవలసి వచ్చింది.

సాయంత్రం కంప్యూటర్‌లో చూసుకుంటే ఎక్కువ కిరీటాలు వంకరగానే ఉన్నాయి. ఒకవైపు ముళ్లు పొడవుగా, మరోవైపు మొండిగా. చక్కగా ఉన్నవే ఉంచుకోవాలన్న ఆశ కలుగుతుంది గానీ, ఇంగ్లండ్ భౌతిక శాస్త్రవేత్త ఆర్థర్ వర్దింగ్టన్ గుర్తుకొచ్చాడు. 1870ల నుంచి ఆయన చీకటిలో విద్యుత్ మెరుపు వెలుగులో చుక్కలను చూసి చేత్తో బొమ్మలు గీశాడు. ఆ బొమ్మల్లోని చిందులు చాలా సౌష్ఠవంగా ఉండేవి. 1890లలో ఫొటోలు సాధ్యమయ్యాక, అసలు చిందులు అంత సౌష్ఠవంగా ఉండవని ఆయనే ఒప్పుకోవలసి వచ్చింది. నాకూ వంకరవాటిలోనే ఎక్కువ విషయం కనబడింది: సన్నబడిన ముల్లు కొస తెగి చిరుచుక్కలుగా మారడం, ఒకే చిత్రంలో వేర్వేరు దశల్లో. అందుకని అందమైన వాటిని కొన్నింటిని చెరిపి, ఇవి ఉంచాను.

ఇక మిగిలింది రెండు చుక్కల ఢీ. మొదటి చుక్క లేపిన స్తంభం కొసను రెండో చుక్క తాకితే నీరు గొడుగులా విచ్చుకుంటుంది. దానికి రెండు చుక్కల మధ్య ఎడం సెకనులో పదో వంతుకు అటూ ఇటూగా, ప్రతిసారీ ఒకేలా ఉండాలి. సెలైన్ చక్రం అంత కచ్చితంగా పనిచేయదు. కరెంటుతో తెరుచుకుని మూసుకునే సోలెనాయిడ్ వాల్వు, దాన్ని నడపడానికి ఆర్డుయినో అనే చిన్న ప్రోగ్రామింగ్ బోర్డు కావాలి. నీటిలో గోరుచిక్కుడు గింజల నుంచి తీసే గ్వార్ గమ్ చిటికెడు కలిపితే చిక్కబడి గొడుగు అంచు త్వరగా చిరగకుండా ఉంటుంది కనుక, వాల్వు వచ్చేలోగా ఆ పాళ్లు చూసి పెట్టుకుంటాను.