స్టాల్ దగ్గర పెన్సిల్‌తో రాసుకున్న తేదీలు: తిరుపతిలో నా హోమ్ డెమోల పద్దు

వంటింటి డబ్బాలు, లంచ్ బాక్సులు, నీళ్ల బాటిళ్లు అమ్మే ఒక డైరెక్ట్ సెల్లింగ్ కంపెనీకి నేను తిరుపతిలో సెల్లర్‌ని. ఉద్యోగం వేరే ఉంది. ఇది సాయంత్రాలు, సెలవు రోజుల్లో ఇష్టంగా చేసే పని. ఎవరో ఒకరింట్లో ఏడెనిమిది మంది ఆడవాళ్లు చాప మీద కూర్చుని, డబ్బా మూత దగ్గర మొదలుపెట్టి ఊరగాయల దాకా మాట్లాడుకునే ఆ గంటంటే నాకు ప్రాణం. దాన్నే మేము హోమ్ డెమో అంటాం. ఆ గంట దొరకాలంటే ఎవరో ఒకరు 'మా ఇంటికి రండి' అనాలి. తెలిసినవాళ్లు, వాళ్లకు తెలిసినవాళ్లు అయిపోయాక కొత్త ఇళ్లు దొరికేది ఎగ్జిబిషన్ స్టాళ్లలోనే. ఆషాఢం నుంచి కార్తీకం దాకా స్టాళ్లు పెడుతూ రాసుకున్న వివరాలివి. ఈ పని చేసేవాళ్లకు పనికొస్తాయని పెడుతున్నాను.

ఆషాఢం

బాలాజీ కాలనీ వైపు ఒక కల్యాణ మండపంలో చీరల ఎగ్జిబిషన్. గుమ్మం దగ్గర స్టాల్ అడక్కుండా, కాఫీ కౌంటర్ పక్కన అడిగి తీసుకున్నాను. లోపలికి వచ్చేటప్పుడు ఎవరి కళ్లూ చీరల మీద తప్ప ఇంకెక్కడా ఆనవు. కాఫీ తాగేటప్పుడు మాత్రం సంచులు కింద పెట్టి, చేతులు ఖాళీగా నిలబడతారు. వాళ్లతో మాట్లాడగలిగేది ఆ ఐదు నిమిషాలే.

ఆరడుగుల టేబుల్‌ని గోడకి జరిపి, నేను దాని ముందు నిలబడ్డాను. టేబుల్ వెనక కూర్చుంటే కొనేవాళ్లం, అమ్మేవాళ్లం అని మధ్యలో గీత గీసినట్టు ఉంటుంది. కేటలాగ్‌లో ఉన్నవన్నీ పరచలేదు. రాగిపిండి పోసిన పెద్ద డబ్బా ఒకటి, చింతపండు డబ్బా ఒకటి, పిల్లల లంచ్ బాక్స్ ఒకటి, గోరువెచ్చటి రసం పోసిన గిన్నె డబ్బా ఒకటి. అంతే. సరుకు ఎక్కువ పెడితే రేటు అడిగి వెళ్లిపోతారు. తక్కువ పెడితే 'ఇంకేమున్నాయి?' అని అడుగుతారు. ఆ ప్రశ్న వస్తే 'ఇంటికొచ్చి చూపిస్తాను' అనే మాట సహజంగా నోటికొస్తుంది.

రసం డబ్బాని తెల్ల తువ్వాలు మీద తలకిందులు చేసి చూపించడం పాత పద్ధతే. అది నేను చేయను, వాళ్ల చేతే చేయిస్తాను. మూత నడిమధ్యన బొటనవేలితో నొక్కి పట్టుకుని, అంచు ఒక పక్క కొంచెం పైకి లేపితే లోపలి గాలి తుస్సుమని బయటికి పోతుంది. వెంటనే అంచు నొక్కేయాలి. ఆ చప్పుడు వినగానే ప్రతి ఒక్కరి ముఖంలో నవ్వు వస్తుంది. ఇంకోసారి చేసి చూస్తారు.

హోమ్ పార్టీకి, అంటే ఇలా ఒకరింట్లో నలుగురినీ కూర్చోబెట్టి చూపించి అమ్మే పద్ధతికి, అంత పేరు వచ్చింది ఇలాంటి మూత వల్లే. అమెరికాలో ఎర్ల్ టప్పర్ 1940ల్లో టప్పర్‌వేర్ డబ్బాలు తెచ్చినప్పుడు దుకాణాల్లో అనుకున్నంతగా పోలేదు. ఆ మూత ఎలా పెట్టాలో ఎవరైనా చేసి చూపిస్తేనే అర్థమయ్యేది. బ్రౌనీ వైజ్ అనే ఆవిడ ఇళ్లలో పార్టీలు పెట్టించి చూపిస్తూ అమ్మిన తీరు చూసి, 1951లో కంపెనీ దుకాణాల నుంచి సరుకు వెనక్కి తీసుకుని, అమ్మకం మొత్తం హోమ్ పార్టీల మీదే నడిపింది. 1954లో బిజినెస్ వీక్ పత్రిక ముఖచిత్రం మీదికి వచ్చిన మొదటి మహిళ ఆవిడే. మన దేశానికి టప్పర్‌వేర్ 1996లో వచ్చింది. 2024 సెప్టెంబర్‌లో ఆ కంపెనీ అమెరికాలో దివాలా రక్షణ కోరిందన్న వార్త చదివి, నాది వేరే కంపెనీ అయినా బాధపడ్డాను. కానీ చేత్తో పట్టుకుని చూస్తే తప్ప నమ్మకం కుదరని వస్తువులు ఇప్పటికీ ఉన్నాయి. నా టేబుల్ దగ్గర రోజూ చూస్తున్నాను.

ఆ రోజు జరిగిన ఒక సంభాషణ ఉన్నదున్నట్టు రాస్తాను. మిగతావన్నీ దాదాపు ఇదే దారిలో నడిచాయి.

"ఊరికే చూస్తుండాం అమ్మా."

"చూడండక్కా, చూడ్డానికే పెట్టింది. మీరు రాగిపిండి ఎందులో పోస్తారు?"

"స్టీలు డబ్బాలోనే. వానాకాలం వస్తే పురుగు పడతాది."

"ఈ మూత ఒకసారి మీరే పెట్టి చూడండి."

మూత పెట్టారు. తీశారు. మళ్లీ పెట్టారు. ఇక్కడ చాలామంది సెల్లర్లు రేటు చెప్పేస్తారు. నేను అడిగింది ఇది: "మీ వంటిల్లు చూసి, ఏ డబ్బా అవసరమో ఏది అక్కర్లేదో చెప్తానక్కా. పక్కింటివాళ్లని కూడా పిలుచుకోండి. కొనాలనేం లేదు."

"మా ఆయన్ని అడిగి చెప్తాలే."

"తప్పకుండా అడగండి. ఏ రోజైతే ఇంట్లో ఎవరికీ ఇబ్బంది ఉండదో మీకు తెలుసు కదా. ఆ రోజు పెన్సిల్‌తో రాసుకుంటా. రేపు సాయంత్రం ఫోన్ చేస్తా. వద్దంటే చెరిపేస్తా."

పెన్సిల్ అనగానే ఆవిడ భుజాలు తేలికపడ్డాయి. బుధవారం సాయంత్రం నాలుగు గంటలు అని చెప్పారు. 'అడిగి చెప్తా' అనే మాటని చాలామంది వద్దనడంగా లెక్కేస్తారు. మన ఇళ్లలో అది నిజంగానే అడిగి చెప్పడం. అత్తగారు, ఆయన, పిల్లల ట్యూషన్లు, అన్నీ చూసుకోవాలి. అందుకు చోటిచ్చి, తేదీ మాత్రం అప్పుడే రాసుకుంటే, ఆవిడ ఇంట్లో అడిగే ప్రశ్న కూడా మారుతుంది. 'ఎవరో వస్తారంట, రమ్మనాలా?' అని కాకుండా 'బుధవారం నాలుగింటికి వస్తామన్నారు, సరేనా?' అని అడుగుతుంది.

లక్కీ డ్రా చీటీల సంగతి కూడా ఇక్కడే రాసేస్తాను. పేరు, ఫోన్ నంబరు మాత్రమే ఉన్న చీటీతో పెట్టె నిండుతుంది కానీ బుకింగ్ రాదు. ఇప్పుడు నా చీటీలో మూడో వరుస ఒకటి ఉంది: 'మీ ఇంట్లో డెమో పెట్టించుకుంటారా? సరే / తర్వాత చూద్దాం / వద్దు.' వద్దు అని గీసినవాళ్లకి నేను ఫోన్ చేయను. డ్రా మాత్రం అందరికీ ఒకటే. 'తర్వాత చూద్దాం' అన్నవాళ్లలోంచే మంచి బుకింగులు వచ్చాయి. వాళ్ల చీటీ మీద స్టాల్‌లోనే వెనకవైపు ఒక ముక్క రాసుకుంటాను: 'రాగిపిండి, పురుగు', 'కొడుకు హాస్టల్', 'కూతురి పెళ్లి మాఘంలో'. ఫోన్‌లో ఆ ముక్కతోనే మాట మొదలవుతుంది.

శ్రావణం

ఈ నెల స్టాల్‌లో కొత్తగా చేసిన పని ఒక్కటే, టేబుల్ పైన గోడకి పెద్ద తెలుగు క్యాలెండర్ తగిలించాను. తిథి, వర్జ్యం, రాహుకాలం అన్నీ ఉన్నది. నాకు ఖాళీ ఉన్న సాయంత్రాల మీద పచ్చ స్టిక్కర్లు అంటించాను.

దీని ప్రభావం నేను అనుకున్నదానికంటే చాలా పెద్దది. డబ్బాలు చూడనివాళ్లు కూడా క్యాలెండర్ దగ్గర ఆగారు. 'వరలక్ష్మీ వ్రతం ఏ శుక్రవారం వచ్చిందమ్మా?', 'అమావాస్య ఎప్పుడు?' అని వేలు పెట్టి చూస్తారు. చూస్తూ చూస్తూ పచ్చ స్టిక్కర్లేమిటని వాళ్లే అడుగుతారు. అప్పటికే వేలు క్యాలెండర్ మీద ఉంటుంది కాబట్టి, తేదీ చెప్పడం వాళ్లకి పెద్ద పనిలా అనిపించదు. మన ఊళ్లో బుకింగ్ అంటే ఒప్పించడం కాదని నాకు గట్టిగా అనిపించింది ఇక్కడే. ఆ ఇంటికి కుదిరే రోజుని ఇద్దరం కలిసి వెతకడమే పని. వస్తువు మీద ఇష్టం మూత దగ్గరే వచ్చేసింది. ఇక మిగిలింది రోజే.

రోజుల సంగతి వివరంగా రాస్తాను. శుక్రవారం సాయంత్రం ఆడవాళ్లు బాగా వస్తారు, ముస్తాబై వస్తారు, కానీ ఆ రోజు ఇంట్లోంచి డబ్బు బయటికి ఇవ్వరు. అందుకని శుక్రవారం డెమోలో ఆర్డర్ మాత్రం రాసుకుని, డబ్బు శనివారం తర్వాతే అని నేనే ముందుగా చెప్పేస్తాను. మంగళవారం కొందరు కొత్త పని మొదలుపెట్టరు. ఆదివారం మగవాళ్లు ఇంట్లో ఉంటారు, హాల్లో టీవీ ఉంటుంది. బుధ, గురువారాల్లో నాలుగు నుంచి ఐదున్నర మధ్య బాగా కుదురుతోంది. పిల్లలు బడి నుంచి వచ్చి తినేసి ఉంటారు, దీపం పెట్టే వేళ ఇంకా కాదు.

వరలక్ష్మీ వ్రతానికి తాంబూలంలో పెట్టి ఇవ్వడానికి చిన్న డబ్బాలు డజన్లలో అడిగారు. వ్రతానికి పది రోజుల ముందు డెమో పెట్టుకుంటేనే సరుకు చేతికొస్తుందని స్టాల్ దగ్గరే చెప్పాను. తొందరపెట్టడానికి చెప్పిన మాట కాదు, డెలివరీకి నిజంగా పట్టే సమయమే అది. లేని తొందర కల్పించి తీసుకున్న బుకింగ్ నిలబడదు.

పెరటాసి

పెరటాసి అంటే తమిళ లెక్కన సెప్టెంబర్, అక్టోబర్‌ల మధ్య వచ్చే నెల. మా వైపు పెరటాసి శనివారాలంటే ఇళ్లలో తళిగలు (స్వామికి పెట్టే నైవేద్యాలు), గోవింద నామాలు. పైగా శ్రీవారి బ్రహ్మోత్సవాలు. తిరుపతిలో ఇల్లున్న ప్రతి ఒక్కరికీ దర్శనానికి వచ్చే చుట్టాలుంటారు. ఎవరు ఎప్పుడు దిగుతారో తెలియదు. దేవస్థానం ఉద్యోగుల ఇళ్లలోనైతే ఈ రోజుల్లో డ్యూటీలే డ్యూటీలు. ఈ నెల స్టాల్ పెట్టినా పచ్చ స్టిక్కర్లు బ్రహ్మోత్సవాలు అయ్యాకే అంటించాను. అడిగినవాళ్లకి "చుట్టాలు వెళ్లాక పెట్టుకుందాం అక్కా" అంటే, తమ ఇంటి సంగతి తెలిసినదానిలా నన్ను చూశారు.

చుట్టాల వల్ల వాయిదా పడ్డ బుకింగ్‌ని నేను పోయినట్టు లెక్కేయను. ఫోన్‌లో 'సరే అక్కా' అని పెట్టేయకుండా, ఆ కాల్‌లోనే ఇంకో తేదీ పెన్సిల్‌తో రాసుకుంటాను.

ఖాళీ దొరికిందని ఈ నెల కాగితాలు సర్దాను. కొత్తగా ఈ పని మొదలుపెట్టేవాళ్లు తప్పక తెలుసుకోవాల్సిందొకటి ఉంది. 2021 డిసెంబర్ నుంచి కేంద్ర ప్రభుత్వం తెచ్చిన డైరెక్ట్ సెల్లింగ్ నిబంధనలు అమల్లో ఉన్నాయి. గుర్తింపు కార్డు లేకుండా, ముందుగా సమయం అడిగి అనుమతి తీసుకోకుండా కొనుగోలుదారు ఇంటికి వెళ్లకూడదు. మనం ఎవరం, ఏ కంపెనీ, ఏం అమ్ముతున్నాం అన్నది మొదట్లోనే చెప్పాలి. ధర, చెల్లింపు, వాపసు, రీఫండ్ వివరాలు దాచకూడదు. కొత్తవాళ్లని చేర్పిస్తూ పోతే డబ్బొస్తుందనే పిరమిడ్ స్కీములు, మనీ సర్క్యులేషన్ నిషేధం. స్టాల్ దగ్గర రాసుకున్న తేదీ, సమయం కన్ఫర్మ్ అయ్యాక అదే నాకు అనుమతి. కన్ఫర్మ్ కాని ఇంటి గుమ్మం నేను తొక్కను. కార్డు మెడలో వేసుకునే స్టాల్‌లో నిలబడతాను. 'చెయిన్ బిజినెస్సా అమ్మా?' అని అనుమానంగా అడిగేవాళ్లకి, జనాన్ని చేర్పించే మాట స్టాల్‌లో కానీ డెమోలో కానీ నేను ఎత్తనని చెప్తాను, ఎత్తను కూడా. అలా మోసపోయిన ఇళ్లు మన ఊళ్లలో చాలా ఉన్నాయి. వాళ్ల భయానికి గౌరవం ఇవ్వాలి.

కార్తీకం

ఒక అపార్ట్‌మెంట్‌వాళ్ల వనభోజనాల్లో చిన్న టేబుల్ పెట్టనిచ్చారు. ఉసిరి చెట్టు కింద భోజనాలు, పక్కన నేను. అందరూ ఒకరికొకరు తెలిసినవాళ్లు కావడంతో ఇక్కడ బుకింగ్ తీరే వేరు. ఒకావిడ తేదీ చెప్తుంటే పక్కావిడ 'ఆ రోజు నేను ఊళ్లో ఉండను, గురువారం పెట్టు వదినా' అంది. పిలవాల్సినవాళ్లు బుకింగ్ దగ్గరే తయారయ్యారు. మండపంలో పెట్టే స్టాల్ కంటే ఇలాంటి చోటే నాకు మేలనిపిస్తోంది. అద్దె కూడా లేదు.

తేదీ రాసుకున్నాక చేసే ఫోన్లు మూడు. మర్నాడు సాయంత్రం మొదటిది: పెన్సిల్ మీద పెన్ను దిద్దడానికి. మూడు రోజుల ముందు రెండోది: ఎవరెవర్ని పిలిచారో అడగడానికి. వాట్సాప్‌లో గ్రూప్ మెసేజ్ పెట్టి ఊరుకుంటే రారు, గుమ్మం దగ్గరికెళ్లి నోటితో పిలిస్తేనే వస్తారని ఆ ఇల్లాలికి చెప్తాను. పన్నెండు మందిని పిలిస్తే ఏడెనిమిది మంది వస్తారు. ముందురోజు మూడోది: వంటలేవీ పెట్టుకోవద్దని చెప్పడానికి. ఇది చాలా ముఖ్యం. ఒకరు బజ్జీలు వేస్తే ఆ తర్వాత పెట్టించుకోవాల్సినావిడ ఇంకా ఏదో చేయాలనుకుని, ఆ శ్రమకి భయపడి వెనక్కి తగ్గుతుంది. టీ, ఉడికించిన చెనిక్కాయలు చాలు. చెనిక్కాయలు నేనే పట్టుకెళ్తాను.

డెమోలో నేను మాట్లాడేది నలభై నిమిషాలకి మించదు. మంచి మాటలే కాదు, ఉన్నదున్నట్టు చెప్తాను. మరుగుతున్న రసం పోయొద్దు, కాస్త చల్లారనివ్వండి. పసుపు మరక పడుతుంది, కడిగి ఎండలో పెడితే తగ్గుతుంది. మైక్రోవేవ్ గుర్తు ఉన్నదే మైక్రోవేవ్‌లో పెట్టండి. ఇంట్లో ఉన్న స్టీలు డబ్బాలు బాగానే ఉంటే మార్చొద్దు. ఈ చివరి మాట విన్నవాళ్లే తర్వాత 'మా ఇంట్లో కూడా పెట్టు' అంటున్నారు. వెళ్లేముందు క్యాలెండర్ ఇక్కడ కూడా తీస్తాను. చిన్నది, సంచిలో పట్టేది.

ఆర్డర్ ఎంతొచ్చినా, అసలు రాకపోయినా, పిలిచిన ఇల్లాలికి నా తరఫున ఒక చిన్న డబ్బా ఇస్తాను. కంపెనీ ఇచ్చే బహుమతి ఆర్డర్ విలువను బట్టి ఉంటుంది కాబట్టి, ఆ లెక్క అందరి ముందు తీయను.

ఇప్పుడు చేతిలో ఉన్నవి: బైరాగిపట్టెడలో ఒకటి, కొర్లగుంటలో ఒకటి పెన్నుతో రాసినవి. తిరుచానూరులో ఒకటి ఇంకా పెన్సిల్‌లోనే ఉంది. అమ్మవారి బ్రహ్మోత్సవాలు నడుస్తున్నాయి, పంచమీ తీర్థం అయ్యాక చుట్టాలు వెళ్లిన తర్వాత ఫోన్ చేయమన్నారు. మాఘంలో కూతురి పెళ్లి పెట్టుకున్న ఆవిడకి మాత్రం ధనుర్మాసం మొదలయ్యేలోపే డెమో పెట్టాలి. సారెకి కావాల్సిన డబ్బాల లిస్టు ఆవిడ అప్పుడే పంపేసింది.