నిన్నటి నీళ్ల రిపోర్టుతో ఇవాళ్టి పోటీ

ట్రయథ్లాన్ (ఈత, సైకిల్, పరుగు కలిసిన పోటీ), నదుల్లో సముద్రాల్లో ఈదే ఓపెన్ వాటర్ స్విమ్మింగ్ పోటీలు నేను చాలా ఏళ్లుగా చూస్తున్నాను, చేతనైనంతలో ఈదుతుంటాను కూడా. ఒకప్పుడు పోటీ ముందు రోజు మాట్లాడుకునేవి ప్రవాహం ఎటు ఉంది, నీళ్లు ఎంత చల్లగా ఉన్నాయి, వెట్‌సూట్ వేసుకోనిస్తారా లేదా అన్న విషయాలు. ఇప్పుడు అందరూ ముందు అడిగేది నీళ్లలో మురుగు కలిసిందని పట్టించే ఈ.కోలి బ్యాక్టీరియా ఎంత ఉందని, అసలు పోటీ జరుగుతుందా అని. 2025 జులైలో సింగపూర్‌లో ప్రపంచ ఆక్వాటిక్స్ చాంపియన్‌షిప్ జరిగినప్పుడూ ఇంతే. సెంటోసా దీవి తీరంలో జరగాల్సిన మహిళల 10 కిలోమీటర్ల పోటీని నీళ్లలో ఈ.కోలి పరిమితి దాటిందని మర్నాటికి వాయిదా వేశారు, మర్నాడు మళ్లీ కొన్ని గంటలు వెనక్కి జరిపారు.

వాయిదా వేయడం మంచిదే, నాకు దాని మీద ఏ ఫిర్యాదూ లేదు. నా బాధంతా ఒకటే. నీళ్లు బాగున్నాయో లేదో తేల్చే లెక్కలు నిర్వాహకుల దగ్గరుంటాయి, నీళ్లను బాగుచేసే డబ్బు ప్రభుత్వాల దగ్గరుంటుంది, ఆ నీళ్లు మింగేది మాత్రం క్రీడాకారులు. వాళ్లకి విషయం అందరికంటే చివర్లో తెలుస్తోంది.

ముందు ఈ పరీక్ష సంగతి చెప్పాలి, ఎందుకంటే గొడవంతా అక్కడే మొదలవుతుంది. నీళ్లలో ఉండే ప్రతి రోగక్రిమినీ ఎవరూ వెతకరు, అది అయ్యే పని కాదు. మనుషుల, జంతువుల పేగుల్లో ఉండే ఈ.కోలి, ఎంటెరోకోకై అనే రెండు రకాల బ్యాక్టీరియాని లెక్కపెడతారు. అవి ఎక్కువగా ఉన్నాయంటే నీళ్లలో మలం కలిసిందని అర్థం. నదులు, సరస్సుల్లో ట్రయథ్లాన్ పెట్టాలంటే 100 మిల్లీలీటర్ల నీటిలో ఈ.కోలి 1000 దాటకూడదు, ఎంటెరోకోకై 400 దాటకూడదు. సముద్రంలో అయితే నిబంధన ఇంకా గట్టిది. మామూలు పద్ధతిలో శాంపిల్ తెచ్చి ల్యాబ్‌లో బ్యాక్టీరియాని పెంచి లెక్కపెట్టడానికి దాదాపు ఒక రోజు పడుతుంది. అంటే ఇవాళ పొద్దున చేతికొచ్చిన రిపోర్టు నిన్నటి నీళ్లది. ఈలోగా రాత్రి ఒక జోరువాన కురిస్తే ఆ కాగితానికి విలువ లేదు. ఎండ బాగా కాస్తే బ్యాక్టీరియా చచ్చిపోయి, నిన్న ఫెయిలైన నీళ్లు ఇవాళ పాసవనూ వచ్చు. ఒకే చోట పొద్దున ఒక అంకె, సాయంత్రం ఇంకో అంకె వస్తుంది. కొన్ని గంటల్లో ఫలితమిచ్చే పరికరాలు ఇప్పుడున్నాయి గానీ చాలాచోట్ల తుది నిర్ణయం ఇంకా ఆ నిదానమైన ల్యాబ్ లెక్క మీదే నడుస్తోంది.

ఇంగ్లండ్‌లోని సండర్లాండ్‌లో జరిగింది చూస్తే ఈ ఆలస్యం ఎంత ప్రమాదమో తెలుస్తుంది. 2023 జులై చివరి వారాంతంలో అక్కడి రోకర్ బీచ్‌లో ప్రపంచ ట్రయథ్లాన్ సిరీస్ పోటీ పెట్టారు. తర్వాత కనీసం 57 మంది వాంతులు, విరేచనాలతో పడకేశారు. ఆ తర్వాత బయటపడిన సంగతి ఏమిటంటే, పోటీకి మూడు రోజుల ముందు, జులై 26న, అక్కడి పర్యావరణ సంస్థ ఆ బీచ్‌లో తీసిన శాంపిల్‌లో 100 మిల్లీలీటర్లకి 3,900 ఈ.కోలి వచ్చాయి. పోటీ నిర్వాహకులేమో ఆ శాంపిల్ పోటీ జరిగే నీళ్లకి బయట తీసింది, ఫలితం కూడా పోటీలయ్యాకే అందింది, మేం చేయించుకున్న పరీక్షల్లో నీళ్లు పాసయ్యాయి అన్నారు. వాళ్లు అబద్ధమాడారని నేననడం లేదు. ఎవరి పరీక్ష వాళ్లు చేశారు, ఎవరి నిబంధన వాళ్లు పాటించారు, తీరా చూస్తే 57 మంది మంచాన పడ్డారు. తిలా పాపం తలా పిడికెడు అన్నట్టుగా పంచుకుంటే చివరికి బాధ్యత ఎవరిదీ కాకుండా పోయింది. ఒక ప్రభుత్వ సంస్థ చేతిలో ఉన్న శాంపిల్ ఫలితం, అదే నీళ్లలో వందలమందిని దింపబోతున్న నిర్వాహకులకి పోటీలోపు చేరే దారి లేకపోవడం ఏమిటి? ఒక ఫోన్ కాల్ చేసి ఇక్కడ ఏదో తేడాగా ఉంది అనడానికి నిబంధన కావాలా?

తర్వాత ఆరోగ్య శాఖవాళ్లు అనారోగ్యం పాలైనవాళ్ల నుంచి తీసుకున్న 31 మల నమూనాల్లో 19 వాటిలో నోరోవైరస్ దొరికింది. నోరోవైరస్ మనిషి నుంచి మనిషికి కూడా చాలా తేలిగ్గా అంటుకుంటుంది, కాబట్టి అందరికీ సముద్రం నుంచే వచ్చిందని తేల్చి చెప్పలేం. కానీ ఇక్కడ గమనించాల్సింది ఇంకొకటుంది. పరీక్షలో వెతికింది బ్యాక్టీరియా, మనుషులకి దొరికింది వైరస్. ఈ రెండిటికీ అన్నిసార్లూ పొత్తు కుదరదు. వైరస్‌లు చాలావరకు ఉప్పునీళ్లలో ఈ పేగు బ్యాక్టీరియా కంటే ఎక్కువకాలం బతుకుతాయి, కాబట్టి బ్యాక్టీరియా లెక్క బాగానే ఉన్న నీళ్లలో కూడా వైరస్ ఉండొచ్చు.

ఈ మాట 2016 రియో ఒలింపిక్స్‌కి ముందే పెద్ద గొడవైంది. అక్కడి అధికారులు బ్యాక్టీరియా మాత్రమే చూస్తామని కూర్చుంటే, అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ 2015లో సొంత ఖర్చుతో పోటీ నీళ్లలో వైరస్ పరీక్షలు చేయించింది. కాలిఫోర్నియా తీరంలో ప్రమాదకరమనుకునే స్థాయికి కొన్నిచోట్ల 17 లక్షల రెట్ల దాకా వైరస్ ఉందని తేలింది. రియో కథలో నన్ను ఎక్కువ బాధపెట్టేది ఆ అంకె కాదు. ఒలింపిక్స్ మాకివ్వండి, గ్వానబారా అఖాతంలోకి పోయే మురుగులో 80 శాతం శుద్ధి చేస్తాం అని దరఖాస్తులోనే రాసిచ్చారు. ఆటలొచ్చే నాటికి ఆ లక్ష్యం చేరుకోలేమని తేలిపోయింది. నది నోళ్ల దగ్గర చెత్తకి అడ్డుకట్టలు వేశారు, తేలేవాటిని ఏరడానికి పడవలు పెట్టారు. తేలే చెత్తని ఏరితే టీవీలో నీళ్లు బాగానే కనిపిస్తాయి. కరిగిపోయిన మురుగుని ఏ పడవా ఏరలేదు. ఆ మాట తప్పినందుకు ఎవరూ ఏ జరిమానా కట్టలేదు. అఖాతం చుట్టూ మురుగు పైపులు లేని బస్తీల్లో ఉండేవాళ్లు మాత్రం ఆటలకి ముందూ, ఆటలప్పుడూ, ఆటలయ్యాకా ఆ నీళ్ల పక్కనే బతుకుతున్నారు. ఒలింపిక్స్ పేరు చెబితేనన్నా పైపులు పడతాయని ఆశపడింది వాళ్లే కదా.

2015 ఆగస్టులో అక్కడే జరిగిన సన్నాహక సెయిలింగ్ పోటీ తర్వాత ఎరిక్ హైల్ అనే జర్మన్ సెయిలర్ కాళ్ల మీద పుండ్లు లేచి, మందులకి లొంగని బ్యాక్టీరియా సోకి, బెర్లిన్‌లో ఆసుపత్రి పాలయ్యాడు. మర్నాటి ఏడాది మళ్లీ అదే నీళ్లకి వెళ్లి కాంస్యం గెలిచాడు. ఆ పట్టుదలకి దండం పెట్టాల్సిందే. కానీ ఒకసారి ఆలోచించండి, అతనికి వెళ్లకుండా ఉండే వీలుందా? అదే ఆగస్టులో రోయింగ్ జరిగే సరస్సులో జూనియర్ ప్రపంచ పోటీలప్పుడు 40 మంది అమెరికా బృందంలో 13 మందికి కడుపు చెడింది. కారణం సరస్సేనని రుజువు కాలేదు. రుజువు కాకపోవడం ఈ వ్యవహారంలో చాలామందికి ఉపయోగపడుతూ వస్తోంది, ఎందుకంటే కడుపునొప్పి పోటీ రోజున రాదు, ఒకటి రెండు రోజులాగి వస్తుంది, అప్పటికి క్రీడాకారులు విమానమెక్కి ఇళ్లకి చేరి ఉంటారు.

ఇక 2024 ఒలింపిక్స్ జరిగిన పారిస్. సీన్ నది గురించి వెటకారాలే ఎక్కువ విన్నాం గానీ, నిజాయితీగా చెప్పాలంటే ఇప్పటిదాకా మురుగు మీద గట్టిగా పనిచేసిన ఆతిథ్య నగరం అదే. 1900 ఒలింపిక్స్‌లో ఈత పోటీలు ఆ నదిలోనే జరిగాయి. 1923లో అందులో ఈత నిషేధించారు. 1990లో అప్పటి మేయర్ జాక్ షిరాక్ మూడేళ్లలో నేను ఈ నదిలో ఈదుతానని మాటిచ్చాడు, ఈదలేదు. అసలు చిక్కు ఎక్కడంటే పారిస్‌లో పాత పద్ధతి ప్రకారం ఇళ్ల మురుగు, వాననీరు ఒకే గొట్టంలో పారతాయి. మామూలు రోజుల్లో అదంతా శుద్ధి కేంద్రానికి పోతుంది. పెద్ద వాన పడితే గొట్టం పట్టదు, వీధులు మునగకుండా ఎక్కువైంది నదిలోకి వదిలేస్తారు. అందుకే దాదాపు 140 కోట్ల యూరోలు పెట్టి మురుగు లైన్లు సరిచేశారు, పడవ ఇళ్లని లైన్లకి కలిపారు, ఆస్టర్లిట్జ్ స్టేషన్ దగ్గర భూమి కింద దాదాపు 5 కోట్ల లీటర్లు పట్టే తొట్టి కట్టారు, వాన నీళ్లు అందులో ఆగి తర్వాత మెల్లగా శుద్ధికి వెళ్లేలా. 2024 జులై 17న మేయర్ ఆన్ ఇడాల్గో స్వయంగా దిగి ఈదింది.

జులై 26 రాత్రి ప్రారంభోత్సవంలో కురిసిన వాన మీరూ చూసే ఉంటారు. దానికి ఆ తొట్టి కూడా చాల్లేదు. 28, 29 తేదీల్లో ఈత ప్రాక్టీస్ రద్దు, 30న పురుషుల ట్రయథ్లాన్ పోటీ రోజునే తెల్లవారకముందు వాయిదా, 31న పురుషులకీ మహిళలకీ ఒకే పూట పోటీలు. ఒలింపిక్ ట్రయథ్లాన్ క్రీడాకారులు ఆ ఒక్క పొద్దుటి కోసం తిండి, నిద్ర, విశ్రాంతి గంటల లెక్కన సర్దుకుని ఉంటారు. ప్రవాహం తెలుసుకోవడానికి ముందు రోజుల్లో ఒక్కసారైనా నీళ్లలో దిగాలి, అదీ లేదు. తర్వాత బెల్జియం బృందం తమ సభ్యురాలు అనారోగ్యం పాలవడంతో పురుషులు, మహిళలు కలిసి జట్టుగా చేసే మిక్స్‌డ్ రిలే నుంచి తప్పుకుంది. ప్రపంచమంతా సీన్ నీళ్ల వల్లేనని రాసేసింది. తనకి వచ్చింది వైరస్ అని, ఈ.కోలి కాదని తర్వాత ఆవిడే చెప్పింది. నమ్మకం పోయాక ఇలాగే ఉంటుంది. ఎవరు తుమ్మినా నది మీదకే పోతుంది, రోజూ అంకెలు అందరి ముందూ పెట్టి ఉంటే ఈ ఊహాగానాలు ఇంతగా పెరిగేవి కావు.

అయినా పారిస్‌ని నేను మెచ్చుకుంటాను. 2025 జులైలో ఆ నదిలో మూడు చోట్ల మామూలు జనానికి ఈత తెరిచారు. వాన పడితే ఎర్ర జెండా పెట్టి మూసేస్తారు. నీళ్లు బాగుంటే దిగనిస్తాం, లేకపోతే లేదు అని రోజుకి రోజు మొహం మీద చెప్పే ఆ పద్ధతి క్రీడాకారులకి కూడా దక్కాల్సింది.

అన్ని కాలుష్యాలూ ఒకటి కావని కూడా చెప్పాలి. 2008 బీజింగ్ ఒలింపిక్స్ సెయిలింగ్ జరిగిన చింగ్‌డావ్‌లో సముద్రమంతా పచ్చటి నాచు కమ్ముకుంటే పదివేల మందికి పైగా జనం, సైనికులు కలిసి తోడిపోశారు. అది మురుగు పైపు పని కాదు, దక్షిణాన తీరం వెంట సముద్రపు నాచు సాగుచేసే తెప్పల నుంచి మొదలై, నీళ్లలో పోషకాలు ఎక్కువై పెరిగింది. టోక్యో ఒలింపిక్స్ దగ్గరకొచ్చేసరికి మళ్లీ మురుగే. 2019 ఆగస్టులో అక్కడి ఒదైబా తీరంలో దివ్యాంగుల (పారా) ట్రయథ్లాన్ ఈత భాగం రద్దయింది, ఈ.కోలి పరిమితికి రెండింతలు దాటింది. ఆ తర్వాత నీళ్లలో మూడు వరసల తెరలు కట్టి పోటీలు నడిపారు. తెర వెనక టోక్యో అఖాతం ఎలా ఉందో అలాగే ఉంది.

నేను కోరేది పెద్దదేమీ కాదు. వేదిక ఎంపిక చేసేటప్పుడే కనీసం రెండు మూడు సీజన్ల నీటి పరీక్షలు, వాన పడిన మర్నాటివి కూడా కలిపి, బహిరంగంగా పెట్టాలి. పోటీ వారంలో ప్రతి శాంపిల్ ఎక్కడ, ఎన్ని గంటలకి తీశారో, ఫలితం ఎంతో క్రీడాకారుల ఫోన్లకి నేరుగా రావాలి. ఇంకోచోట సిద్ధంగా మరో వేదిక ఉండాలి. నీళ్లు బాగా లేకపోతే ఈత తీసేసి పరుగు, సైకిల్‌తో సరిపెట్టడం ట్రయథ్లాన్‌లో ఉంది గానీ, ఈత కోసమే బతికే 10 కిలోమీటర్ల స్విమ్మర్‌కి ఆ దారి కూడా లేదు. పోటీ అయిన వారం తర్వాత దిగినవాళ్లందరినీ ఆరోగ్యం ఎలా ఉందని అడిగి ఆ లెక్క ప్రచురించాలి. ఇష్టం లేనివాళ్లు దిగక్కర్లేదు కదా అని కొందరంటారు. జీవితంలో ఒకసారి వచ్చే ఒలింపిక్స్ ముందు నిలబెట్టి ఇష్టం గురించి అడగడం న్యాయం కాదు.

2028లో లాస్ ఏంజెలెస్. ట్రయథ్లాన్ వెనిస్ బీచ్‌లో పెడుతున్నారు. అది శాంటా మోనికా అఖాతం. 2021 జులైలో హైపీరియన్ శుద్ధి కేంద్రం నుంచి కోట్ల లీటర్ల మురుగు ఆ అఖాతంలోనే కలిసింది. అక్కడ వాననీటి కాలువలు వేరుగా ఉంటాయి, వీధుల్లోని మురికి శుద్ధి లేకుండా నేరుగా సముద్రంలోకి పోతుంది, అందుకే వాన వెలిసిన మూడు రోజుల దాకా ఈదొద్దని జనానికి ముందే చెబుతారు. వేసవిలో అక్కడ వానలు అరుదు, అది ఊరట. బీచ్‌లకి వారం వారం గ్రేడ్లు ఇచ్చి అందరికీ చూపించే అలవాటు కూడా ఆ తీరంలో ఎప్పట్నుంచో ఉంది. ఆటల నిర్వాహకులు కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు, అక్కడి ఈతగాళ్లకి ఇప్పటికే అందుతున్న ఆ సమాచారాన్ని పోటీదారులకి వారానికోసారి కాకుండా రోజూ ఇస్తామని ఇప్పుడే రాసిస్తే చాలు.