ప్రెస్ ఉన్నవాళ్ళు నెలకో ఆదివారం తలుపు తీస్తే

పెయింటింగ్ వేసేవాళ్ళకి ఇల్లు చాలు. బాల్కనీలో ఈజిల్ పెట్టుకున్నా, మంచం మీద కూర్చుని వాటర్ కలర్ వేసుకున్నా ఎలాగోలా పని నడుస్తుంది. ప్రింట్ మేకింగ్, అంటే రేకు మీదో చెక్క మీదో బొమ్మ చెక్కి దాన్ని కాగితం మీద అచ్చు తీసే పని, చదివినవాళ్ళ సంగతి అలా కాదు. కాలేజీలో ఉన్నన్నాళ్ళు ప్రెస్సు, రోలర్లు, యాసిడ్ ట్రేలు చేతికి అందేలా ఉంటాయి, చివరి పరీక్ష అయిపోయి గేటు దాటగానే అవన్నీ లోపల, మనం బయట. మంచి సైజు ఎచింగ్ ప్రెస్ ఒకటి కొనాలంటే లక్ష దాటుతుంది, కొన్నా దాన్ని మూడో అంతస్తులో అద్దె ఇంట్లోకి ఎక్కించడానికి ఏ ఓనరూ ఒప్పుకోడు, ఇక నైట్రిక్ యాసిడ్ సంగతి ఇంట్లో ఎత్తే పనే లేదు. అందుకే ప్రింట్ మేకింగ్‌లో బంగారు పతకం కొట్టినవాళ్ళు కూడా రెండేళ్ళు తిరిగేసరికి గేమింగ్ కంపెనీలో బ్యాక్‌గ్రౌండ్లు గీస్తూనో, స్కూల్లో డ్రాయింగ్ మాస్టారుగానో కనిపిస్తారు. ఆ ఉద్యోగాలు తక్కువని కాదు, చేతికి వచ్చిన విద్య ఊరికే మరుగున పడిపోతోందని.

హైదరాబాద్‌లో నాచారం వైపు ఒక షెడ్డులో మాకు తెలిసిన ఒక సార్‌కి సొంత ప్రెస్ ఉంది. ఆయన కొన్నాళ్ళుగా నెలకో ఆదివారం షెడ్డు తెరిచి పెడుతున్నారు, ఊళ్ళో ఉన్న ఆర్టిస్టులు ఎవరైనా వచ్చి పని చేసుకోవచ్చు, పైసా ఇవ్వక్కర్లేదు. నేను వీలైనప్పుడల్లా వెళ్ళి కాగితాలు తడపడం, రోలర్లు కడగడం లాంటి పనులు చేస్తుంటాను, మధ్యలో నా ప్లేటు, అంటే నేను బొమ్మ గీసుకున్న రేకు, కూడా ఒకటి అచ్చు తీసుకుంటాను. ఇది చూశాక నాకు గట్టిగా అనిపించింది ఏమిటంటే, మన ఊళ్ళలో ఆర్టిస్టులకి ఏదైనా చేయాలనుకునేవాళ్ళు గ్యాలరీల గురించి ఆలోచించడం కాసేపు ఆపి, ఒక్కడే కొనుక్కోలేని సామాను ఉన్న గదులు తెరవాలి. ప్రెస్సు, మట్టిపని చేసేవాళ్ళ కొలిమి, శిల్పులకి వెల్డింగ్ సెట్టు. ముందు ఇవి. గోడలు తర్వాత చూసుకోవచ్చు.

ఓపెన్ స్టూడియో అనగానే చాలామంది ఇంకో రకం అనుకుంటారు. ఆర్టిస్టులు తమ స్టూడియో తలుపులు తెరిస్తే జనం వచ్చి చూసి, నచ్చితే కొనుక్కుని వెళ్ళడం. శాన్‌ఫ్రాన్సిస్కోలో అది 1975 నుంచి ఏటేటా జరుగుతోంది, అక్కడ ఉన్న మనవాళ్ళు చాలామంది వెళ్ళే ఉంటారు. మంచిదే, కానీ అది చూసేవాళ్ళ కోసం, కొనేవాళ్ళ కోసం. నేను చెప్పేది చేసేవాళ్ళ కోసం తెరిచే రోజు గురించి. ఈ రెండూ ఒకేరోజు పెడితే చెడిపోతుంది. మొదట్లో మా దగ్గర కూడా జనం ఫోన్లు పట్టుకుని రీల్స్ తీసుకోవడానికి వచ్చేవాళ్ళు, చేతులకి నల్లటి ఇంకు పూసుకుని ప్లేటు తుడుస్తున్న పిల్లని పక్కకి తిరగమని అడిగేవాళ్ళు. ఇంకొందరు పిల్లల్ని తీసుకొచ్చి సాయంత్రం ఎన్నింటికి వచ్చి తీసుకెళ్ళమంటారు అనేవాళ్ళు, డ్రాయింగ్ క్లాసు అనుకుని. ఇప్పుడు సార్ గేటు దగ్గరే అడిగేస్తారు, పని చేయడానికా చూడడానికా అని. చూడడానికైతే ఇంకో రోజు రమ్మంటారు, టీ కూడా ఇస్తానంటారు.

తెలియనివాళ్ళ కోసం ఒక మాట. ఎచింగ్ ప్రెస్ అంటే దాదాపు చెరుకు రసం మిషన్ లాంటిదే, రెండు పెద్ద ఇనుప రోలర్లు, వాటి మధ్య ఒక బల్ల. జింకు లేదా రాగి రేకు మీద మైనం లాంటి పూత వేసి, సూదితో గీసి, యాసిడ్‌లో ముంచితే గీసిన చోటల్లా యాసిడ్ లోహాన్ని తినేసి గాడి పడుతుంది. ఆ గాడిలో ఇంకు నింపి, పైన ఉన్నది బట్టతో తుడిచేసి, తడిపిన కాగితం పరిచి, దాని మీద ఫెల్ట్ గుడ్డలు వేసి రోలర్ల మధ్య నుంచి లాగాలి. ఆ ఒత్తిడికి కాగితం గాడిలోకి దిగి ఇంకుని పట్టుకొస్తుంది. ఇదంతా చేత్తో కాదు. చెక్కనో లినోలియం ముక్కనో చెక్కి చేసే ఉడ్‌కట్, లినోకట్ అయితే గరిటె వెనకవైపుతో రుద్ది కూడా అచ్చు తీయొచ్చు, ఇంట్లో ఎవరైనా చేసుకోవచ్చు. ఎచింగ్‌కి ఆ దారి లేదు, ప్రెస్ ఉంటేనే బొమ్మ, లేకపోతే చేతిలో గీతలు పడ్డ రేకు ముక్క మిగులుతుంది.

మెదక్ జిల్లా నిజాంపూర్ నుంచి వచ్చిన లక్ష్మా గౌడ్ గారి ఎచింగులు చూసి ఈ పనిలోకి వచ్చినవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. ఆ మేకలు, ఆ చెట్లు, ఆ పల్లె మనుషులు. ఆయన హైదరాబాద్‌లో చదివి, 1960లలో బరోడా వెళ్ళి అక్కడ ప్రింట్ మేకింగ్ నేర్చుకున్నారు. తర్వాత హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఎంతోమందికి పాఠాలు చెప్పారు. అంత గొప్ప చేతికైనా మొదట ఒక ప్రెస్ ఉన్న చోటు దొరకాలి కదా.

ఇంకా వెనక్కి వెళ్తే కృష్ణారెడ్డి గారు. 1925లో చిత్తూరు దగ్గర నందనూరులో పుట్టి, శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర చదివి, లండన్ మీదుగా పారిస్ చేరారు. అక్కడ స్టాన్లీ విలియం హేటర్ అనే ప్రింట్ ఆర్టిస్టు నడిపిన అటెలియర్ 17 అనే వర్క్‌షాపులో పని చేశారు. ఆ వర్క్‌షాపు 1927లో మొదలైంది, పేరులో 17 అన్నది అది ఉన్న వీధిలో భవనం నంబరే. పికాసో, జోన్ మీరో లాంటి పెద్ద చిత్రకారులు కూడా వచ్చి అక్కడ ప్లేట్లు చేసుకున్నారు. పేరున్నవాడూ పేరు లేనివాడూ ఒకే బల్ల దగ్గర నిలబడి, ఒకడి ప్లేటు పాడైతే ఇంకొకడు చూసి, ఎందుకు పాడైందో కలిసి వెతుక్కునే చోటు. కృష్ణారెడ్డి గారి పేరు చెబితే అందరికీ గుర్తొచ్చే విస్కాసిటీ ప్రింటింగ్ అక్కడే రూపు దిద్దుకుంది. ఒకే ప్లేటు మీద వేర్వేరు లోతులు చెక్కి, నూనె ఎక్కువ కలిపిన పలచటి ఇంకుని గట్టి రోలర్‌తో పై మట్టం మీద వేసి, చిక్కటి ఇంకుని మెత్తటి రోలర్‌తో లోతుల్లోకి దింపుతారు. పలచటి ఇంకు ఉన్నచోట చిక్కటిది అంటుకోదు. దాంతో ఒక్కసారి లాగితే ఇన్ని రంగులూ వచ్చేస్తాయి. ఇలాంటిది ఒంటరిగా ఇంట్లో కూర్చున్నవాడికి తట్టదని నా నమ్మకం. రకరకాల రోలర్లు, రకరకాల ఇంకులు, పక్కవాడు వదిలేసిన సగం ప్లేట్లు ఉన్న గదిలోనే తడుతుంది. తర్వాత ఆయన న్యూయార్క్‌లో స్థిరపడి 2018లో పోయారు. మన ఊళ్ళో ఆయన పేరు తెలిసినవాళ్ళు ఎంతమందో నన్ను అడగకండి, బాధేస్తుంది.

ఉచితంగా ఇస్తే విలువ ఉండదు అనే మాట ఈ షెడ్డు గురించి చెప్పినప్పుడల్లా ఎవరో ఒకరు అంటారు. నేను వాళ్ళకి న్యూయార్క్‌లో రాబర్ట్ బ్లాక్‌బర్న్ కథ చెప్తాను. జమైకా నుంచి వలస వచ్చిన కుటుంబంలో నల్లజాతి కుర్రాడు, న్యూయార్క్‌లోనే హార్లెం అనే పేటలో పెరిగాడు. 1930లలో అమెరికాలో పనుల్లేక జనం అల్లాడుతుంటే ప్రభుత్వం ఆర్టిస్టులకి జీతాలిచ్చి, పేటల్లో ఆర్ట్ సెంటర్లు పెట్టించింది. హార్లెంలో పెట్టిన సెంటర్‌కి మొదటి డైరెక్టర్ అగస్టా సావేజ్ అనే శిల్పి. అక్కడ డబ్బు కట్టకుండానే ఈ కుర్రాడు లిథోగ్రఫీ, అంటే రాతి పలక మీద గీసి అచ్చు తీసే పని, నేర్చుకున్నాడు. 1940ల చివర్లో సొంతంగా ఒక ప్రింట్ షాపు తెరిచాడు, డబ్బున్నవాళ్ళనీ లేనివాళ్ళనీ, ఏ దేశం వాళ్ళనైనా రానిచ్చాడు. 2003లో ఆయన పోయాక కూడా ఆయన పేరుతో ఆ వర్క్‌షాపు నడుస్తోంది. ఉచితంగా నేర్చుకున్నవాడు ఏం చేశాడో చూడండి మరి.

మన దేశంలో లేవా అంటే ఉన్నాయి. ఢిల్లీలో లలిత కళా అకాడమీ 1976లో గఢీ గ్రామం దగ్గర స్టూడియోలు పెట్టింది, ప్రింట్ మేకింగ్‌కీ, శిల్పానికీ, సిరామిక్స్‌కీ అందరూ కలిసి పనిచేసుకునే షెడ్లు అక్కడున్నాయి. కానీ ఢిల్లీ ఢిల్లీయే, కరీంనగర్‌లో ఉన్న పిల్ల వారం వారం వెళ్ళలేదు కదా.

మా షెడ్డుకి వచ్చేవాళ్ళలో నాకు బాగా నచ్చే మనిషి ఒక సైన్‌బోర్డ్ పెయింటర్. ముషీరాబాద్‌లో ఒకప్పుడు షాపుల బోర్డులు, లారీల వెనక రాతలు రాసేవాడు, ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని పోయింది. అన్న మొదటిసారి వచ్చినప్పుడు ఫైన్ ఆర్ట్స్ పిల్లలు కొంచెం పక్కకి జరిగారు, వీడెవడు అన్నట్టు. ప్రింట్‌లో ఉన్న చిక్కు ఏమిటంటే ప్లేటు మీద ఏది గీస్తే కాగితం మీద అది తిరగబడి పడుతుంది, అక్షరాలు ఉంటే అద్దంలో కనిపించేట్టు రాయాలి. డిగ్రీలు ఉన్నవాళ్ళం మేమంతా ట్రేసింగ్ పేపర్ పెట్టుకుని తిప్పి తిప్పి చూసుకుంటుంటే, అన్న నేరుగా సూది పట్టుకుని తెలుగూ ఉర్దూ రెండూ తిరగేసి రాసేశాడు. షాపు అద్దాల మీద లోపలివైపు నుంచి పేర్లు రాసిన చెయ్యి అది. ఎలా అన్నా అంటే, "జిందగీ మొత్తం అద్దం లోపలనే నిలబడి రాసిన, బయటోళ్ళకే సీదా కనబడాలె" అన్నాడు. ఆ తర్వాత పిల్లలు ఆయన బల్ల చుట్టూనే ఉంటున్నారు.

స్థానిక ఆర్టిస్టు అంటే ఎవరు అని ఒకాయన వాదన పెట్టాడు, ఏదో ఒక సర్టిఫికెట్ అడగాలి, లేకపోతే ఎవరుపడితే వాళ్ళు వస్తారని. అడిగితే ఈ అన్న వచ్చేవాడు కాదు. పెడనలో కలంకారీ అచ్చులు చెక్కేవాళ్ళు టేకు చెక్క మీద చేసే పని చూస్తే మా ఉడ్‌కట్‌లు ఎందుకు పనికొస్తాయి, వాళ్ళ దగ్గర ఏ కాలేజీ కాగితం ఉంటుంది? చేతిలో ప్లేటో చెక్కో ఉండాలి, సాయంత్రం దాకా ఉండి శుభ్రం చేసి వెళ్ళాలి, అంతే అర్హత. సార్ కూడా అదే అన్నారు, ఆ వాదన అక్కడితో ఆగింది.

డబ్బు సంగతి చెప్పకుండా వదిలేస్తే అబద్ధం అవుతుంది. ఉచితం అంటే సార్‌కి ఖర్చు లేదని కాదు. కరెంటు, యాసిడ్, పాత నూలు బట్టలు, చేతులు కడుక్కునే నూనె, అన్నీ ఆయనవే. ప్లేటు, కాగితం, రంగు ఇంకు ఎవరిది వాళ్ళు తెచ్చుకోవాలి, నల్ల ఇంకు మాత్రం అందరికీ అక్కడే. గుమ్మం దగ్గర హుండీ పెడదామని ఎవరో సలహా ఇచ్చారు. నేను వద్దన్నాను. హుండీ ఉంటే జేబులో డబ్బుల్లేనివాడు దాని పక్కనుంచి నడవడానికి సిగ్గుపడతాడు, మళ్ళీ నెల రాడు. ఉన్నవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే ఒక ఇంకు డబ్బానో, చేతి తొడుగుల ప్యాకెట్టో తెచ్చి అల్మారాలో పెట్టి వెళ్తున్నారు. ఇలాగే నడుస్తుందా అంటే ఆ అల్మారా చూస్తే నాకు టెన్షనే, కానీ హుండీ మాత్రం వద్దు. ఇంకో గండం సన్మానాలు. ఎవరైనా పెద్దవాళ్ళకి ఈ రోజు గురించి తెలిసిందంటే జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, రెండు గంటల ఉపన్యాసాలు వచ్చి పడతాయి, ఆ రెండు గంటల్లో నాలుగు ప్లేట్లు లాగొచ్చు.

ప్రెస్సులు ఉన్న కాలేజీలకి నాదొక్కటే మాట. ఆదివారాలు, వేసవి సెలవులు మీ ప్రింట్ మేకింగ్ గదికి తాళమే కదా. పాత విద్యార్థుల కోసమైనా నెలకో రోజు తీయండి, ఒక ల్యాబ్ అసిస్టెంట్‌ని కూర్చోబెట్టండి, ఆయనకి ఆ రోజు భత్యం ఇవ్వండి. యాసిడ్ ఉన్న గది కాబట్టి భయం ఉంటుంది, సహజం. అయితే మొదట యాసిడ్ లేకుండా లినో, ఉడ్‌కట్, డ్రైపాయింట్‌తో మొదలుపెట్టండి. డ్రైపాయింట్‌కి సూదితో నేరుగా గీస్తే చాలు, ముంచే పనే లేదు. నమ్మకం కుదిరాక రాగి ప్లేట్లకి ఫెర్రిక్ క్లోరైడ్ పెట్టొచ్చు, నైట్రిక్ లాగా పొగలు రావు.

ఈ నెల మా షెడ్డుకి వచ్చేవాళ్ళు పాత కాటన్ బట్టలు వేసుకుని రండి, చెప్పులు కాకుండా బూట్లు. కాగితం మందంగా ఉండాలి, ఉదయమే తడిపి పెట్టాలి కాబట్టి త్వరగా రండి. ప్లేటు అంచులు ఇంట్లోనే ఆకురాయితో ఏటవాలుగా రాసుకుని తెచ్చుకోండి. పదునైన అంచుతో ప్రెస్‌లోకి వెళ్తే ఫెల్ట్ తెగుతుంది, ఫెల్ట్ తెగితే ఆ రోజు మిగతా అందరి పనీ ఆగిపోతుంది.