కల చెదరకుండా నిలుపుకోవడం

ఇది కలే అని కలలోనే తెలిశాక అసలు చిక్కు మొదలవుతుంది. సంబరం కాస్త ఎక్కువైతే చాలు, రంగులు వెలిసిపోయి మెలకువ వచ్చేస్తుంది. అందుకే గాలిలో ఎగరడం జోలికి నేను వెంటనే పోను. ముందు అరచేతులు రెండూ గట్టిగా రుద్దుకుంటాను. రాపిడి, వేడి స్పష్టంగా తెలుస్తాయి. చేతిగీతలు చూస్తే కదులుతుంటాయి, ఒక్కోసారి ఆరో వేలు మొలుస్తుంది. ముచ్చటగానే ఉంటుంది లెండి! స్పర్శ మీద మనసు నిలిచినంతసేపూ మంచం మీద పడుకున్న ఒంటి ధ్యాస రాదు. అప్పటికీ దృశ్యం మసకబారితే నిలుచున్నచోటే గిరగిరా తిరుగుతాను. ఈ కిటుకును ప్రచారంలోకి తెచ్చింది అమెరికా పరిశోధకుడు స్టీఫెన్ లాబెర్జ్.

ఇదంతా కట్టుకథ అనేవారికి ఒక మాట. కలల నిద్రలో ఒళ్లు కదలదు గానీ కనుగుడ్లు కదులుతాయి. 1975లో ఇంగ్లండులోని హల్ విశ్వవిద్యాలయంలో ప్రయోగం కోసం నిద్రపోయిన అలన్ వర్స్‌లీ కలలోంచే కళ్లను అటూ ఇటూ తిప్పి సంకేతమిస్తే, పరిశోధకుడు కీత్ హెర్న్ దాన్ని యంత్రంపై నమోదు చేశారు.

ఇక అదుపు సంగతి. కలలోని మనుషులకు ఆజ్ఞలిస్తే మొండికేస్తారు. దానికన్నా, తలుపు అవతల సముద్రం ఉంటుందని గట్టిగా అనుకుని తెరవడం మేలు. చాలాసార్లు ఉంటుంది. గోడ ఎదురైతే మరో తలుపు వెతుక్కుంటాను.