తాళం చేతికి ఇచ్చే ముందు

తిరుపతి బైరాగిపట్టెడలో మా మేడ మీద రెండు గదుల వాటా ఉంది. మొదటిసారి కాగితం లేకుండా, నమ్మకం మీదే అద్దెకు ఇచ్చాం. ఖాళీ చేసిన రోజున కరెంటు బిల్లు ఎవరిదన్న దగ్గర మాట పెరిగింది. వాళ్లు మంచివాళ్లే, సంక్రాంతికి మాకు అరిసెలు పంపిన మనుషులు. అలా విడిపోయినందుకు నాకు ఇప్పటికీ బాధే.

అప్పటినుంచి తాళం ఇచ్చే రోజునే మీటరు రీడింగును ఇద్దరం కలిసి చూసి, ఒప్పందం వెనుక రాసి సంతకాలు చేస్తున్నాం. గోడలు, కుళాయిలు, ఫ్యాన్లు ఫొటో తీసి వాళ్లకూ పంపుతాను. ఖాళీ చేశాక రంగుల ఖర్చు ఎవరిది, అడ్వాన్సులో ఎంత పట్టుకుంటాం అన్నవి ముందే రాయాలి. గొడవలన్నీ అక్కడే పుడతాయి. నగదు తీసుకుంటే రసీదు ఇవ్వండి.

అద్దె ఒప్పందాలు చాలావరకు పదకొండు నెలలకే రాసుకోవడానికి కారణం 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం; దాని ప్రకారం ఏడాదికి మించిన లీజును రిజిస్టరు చేయించాలి. కానీ మన ఆంధ్రప్రదేశ్‌లో 1999 సవరణ తర్వాత ఎంత కాలపు లీజునైనా రిజిస్టరు చేయించాల్సిందే. అద్దె ఆలస్యమైందని నీళ్లు మాత్రం ఎప్పుడూ ఆపకండి. ఆ ఇంట్లో పిల్లలుంటారు. ముందు మాట్లాడండి, తర్వాత రాతపూర్వకంగా నోటీసు ఇవ్వండి.