మారుతీ 800కు ఇంటి దగ్గరే బాల్ జాయింట్లు మార్చిన పని వివరాలు

జనవరి 18, ఆదివారం

మా 2006 నాటి మారుతీ 800 ముందు భాగంలో దీపావళి తర్వాత మొదలైన చప్పుడు, సంక్రాంతికి గజపతినగరం అవతల ఉన్న మా అత్తవారి ఊరికి వెళ్లివచ్చేసరికి బాగా ముదిరింది. విజయనగరం నుంచి గజపతినగరం దాకా 26వ నంబరు జాతీయ రహదారి మీద ఏమీ వినబడలేదు. ఊరి దారిలో ఎర్ర కంకర మీదికి దిగి, వేగం ఇరవై కిలోమీటర్లకు తగ్గి, స్టీరింగు తిప్పుతూ గుంతలో దిగినప్పుడల్లా మాత్రం పాదాల ముందు ఎవరో ఇనుప ముక్కతో తట్టినట్టు ఒక్కొక్క దెబ్బ వినబడేది. డిసెంబరులో ఒక వర్క్‌షాపులో చూపిస్తే స్టీరింగు కదలికను చక్రాలకు చేర్చే టై రాడ్ ఎండ్లు అరిగాయని చెప్పి మార్చారు. డబ్బు అయింది కాని చప్పుడు పోలేదు. అందువల్ల ఈసారి ఏ భాగమూ విప్పకముందే లోపం ఎక్కడుందో నేనే తేల్చుకోవాలని నిశ్చయించుకున్నాను.

ముందు చక్రాలు రెండింటినీ నేలనుంచి లేపి, బండిని స్టాండ్ల మీద నిలబెట్టి, ఒక్కొక్క టైరును రెండు విధాలుగా పట్టి కదిపి చూశాను. గడియారంలో మూడు, తొమ్మిది అంకెలుండే చోట పట్టి పక్కలకు కదిపినప్పుడు ఆట, అంటే వదులు కదలిక, ఉంటే లోపం సాధారణంగా టై రాడ్ల దగ్గరో స్టీరింగు ర్యాకు దగ్గరో ఉంటుంది. పన్నెండు, ఆరు అంకెల చోట పట్టి లోపలికీ బయటికీ ఊపినప్పుడు ఆట కనిపిస్తే అది బాల్ జాయింటుది కావచ్చు, చక్రం బేరింగుదీ కావచ్చు. ఈ రెండింటినీ విడదీయడానికి మా అమ్మాయిని సీటులో కూర్చోబెట్టి బ్రేకు గట్టిగా తొక్కి ఉంచమన్నాను. బ్రేకు పట్టినప్పుడు డిస్కు, కాలిపర్ ఒకటిగా బిగుసుకుంటాయి కాబట్టి బేరింగులోని ఆట కనబడకుండా పోతుంది. బాల్ జాయింటులోని ఆట మాత్రం అలాగే ఉంటుంది. "నాన్నా, నేను గట్టిగానే తొక్కుతున్నాను, ఇంకా కదులుతోందా?" అని తను అడిగింది. కుడి చక్రం కదులుతూనే ఉంది. కింద పడుకుని, చక్రాన్ని బండి చట్రానికి కలిపే లోయర్ ఆర్మ్‌కూ చక్రాన్ని మోసే నకుల్‌కూ మధ్య గడ్డపారలాంటి చిన్న కడ్డీ పెట్టి ఎత్తితే, రబ్బరు బూటు లోపల బంతి మీదికి లేచి కిందికి దిగడం కంటికి స్పష్టంగా కనిపించింది. ఎడమవైపు ఆట అంత లేకపోయినా, బూటు సగం చుట్టూ చిరిగి ఉంది.

ఈ జాయింటు నిర్మాణం సులభమైనదే. ఒక గట్టి ఉక్కు కాడకు చివర గుండ్రని బంతి ఉంటుంది. ఆ బంతి ప్లాస్టిక్ గిన్నెలాంటి గూటిలో గ్రీజు మధ్య కూర్చుని, చక్రం పైకీ కిందికీ కదలడానికీ, స్టీరింగుతో పాటు తిరగడానికీ వీలు కల్పిస్తుంది. ఆ గూటికి ఉన్న రక్షణ అంతా పైనున్న రబ్బరు బూటే. అది చిరిగిన రోజునుంచే లోపలి గ్రీజు బయటికీ, బయటి బురద లోపలికీ ప్రయాణం మొదలుపెడతాయి. అంబాసిడర్ కాలంలో ఇలాంటి చోట్ల గ్రీజు నిపుల్ ఉండేది, గన్ను పట్టి కొత్త గ్రీజు ఎక్కించేవారు. మా బండికి అమర్చి ఉన్న జాయింటుకు ఆ నిపుల్ లేదు, బూటు పోతే జాయింటు పోయినట్టే. స్ప్రింగూ షాక్ అబ్జార్బరూ కలిసి ఒకే నిలువు భాగంగా ఉండే మాక్‌ఫర్సన్ స్ట్రట్ అమరికలో బండి బరువును స్ప్రింగు ద్వారా పై మౌంటింగే మోస్తుంది కాబట్టి కింది జాయింటు మీద ఆ భారం పడదు. అయితే చక్రం అడుగు భాగాన్ని దాని చోట నిలిపి ఉంచేది ఇదొక్కటే. బాగా అరిగి బంతి గూటినుంచి ఊడివస్తే చక్రం అడుగు పక్కకు విరుచుకుపడుతుంది, స్టీరింగు చేతిలో ఉన్నా ప్రయోజనం ఉండదు. ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని ఆ జాయింటుతోనే సంక్రాంతి ప్రయాణం చేశానన్న సంగతి తెలిశాక, మరమ్మతు పూర్తయ్యేదాకా బండి గేటు దాటకూడదని తాళం బీరువాలో పెట్టేశాను.

జనవరి 21, బుధవారం

సాయంత్రం బడి నుంచి వచ్చాక స్పేర్ పార్టుల దుకాణానికి వెళ్లాను. బాల్ జాయింటు విడిగానూ దొరుకుతుంది, చట్రానికి కలిపే చోటి రబ్బరు బుష్‌తో సహా మొత్తం లోయర్ ఆర్మ్ కూడా దొరుకుతుంది. విడి జాయింటు కొంటే పాతదాన్ని ప్రెస్సులో నొక్కి తీసి కొత్తదాన్ని నొక్కి ఎక్కించాలి, అందుకు తగిన పరికరం నా దగ్గర లేదు. పైగా మా ఆర్మ్‌ల లోపలి చివర బుష్‌లు కూడా పగుళ్లు ఇచ్చాయి. అందుచేత రెండు వైపులకూ మొత్తం ఆర్మ్‌లే తీసుకున్నాను. పాత జాయింటు చుట్టూ వెల్డింగు పెట్టి ఆట తగ్గించడం, గూటిలో కరిగించిన ప్లాస్టిక్ పోయడం వంటి మరమ్మతులు అక్కడక్కడా చేస్తుంటారు. వెల్డింగు వేడికి లోపలి ప్లాస్టిక్ గిన్నె, గ్రీజు రెండూ పాడవుతాయి. ప్రాణాలు ఆధారపడిన చోట ఆ పని చేయకూడదని నా దృఢమైన అభిప్రాయం.

దుకాణంలోనే కొత్త కాడను వేళ్లతో పట్టి తిప్పి చూశాను. కొత్త జాయింటు బిగువుగా, ఎక్కడా పట్టేయకుండా ఒకే విధంగా కదలాలి. చేతిలో వేలాడితే వెనక్కి ఇచ్చేయాలి.

జనవరి 25, ఆదివారం

రథసప్తమి కావడంతో జిల్లేడు ఆకులతో తలస్నానం, పూజ ముగిసేసరికి తొమ్మిదయింది. రెండు రోజుల ముందునుంచీ పూటకొకసారి బోల్టుల మీద తుప్పు వదిలించే నూనె పోస్తూ వచ్చాను కాబట్టి ఆ ఆలస్యం పనికి అడ్డు రాలేదు.

హ్యాండు బ్రేకు లాగి, వెనక చక్రాలకు ముందూ వెనకా ఇటుకలు పెట్టి, వీల్ నట్లను చక్రం నేల మీద ఉండగానే అర చుట్టు వదులు చేశాను. తర్వాత రెండు ముందు చక్రాలనూ లేపి, రెండు వైపులా స్టాండ్లు పెట్టి, జాకీ దించి, బండిని భుజంతో గట్టిగా తోసి కదలడం లేదని నిర్ధారించుకున్నాకే కిందికి చేరాను. జాకీ ఒక్కదాని మీద నిలబడిన బండి కిందికి ఎవరూ వెళ్లకూడదు. రెండు వైపులా ఒకేసారి లేపడానికి మరొక కారణం కూడా ఉంది: ఈ బండిలో రెండు పక్కలనూ కలిపే ఉక్కు కడ్డీ అయిన స్టెబిలైజర్ బార్ రెండు చివరలూ లోయర్ ఆర్మ్‌లలోంచే వెళ్లి నట్లతో బిగిసి ఉంటాయి. ఒక్క చక్రమే లేపితే ఆ బారు మెలిపడి ఆర్మ్‌ను పట్టి ఉంచుతుంది, ఎంత లాగినా రాదు.

బారు చివర నట్టు వదులు కాకుండా ఆపే స్ప్లిట్ పిన్ను తుప్పుకు ముక్కలై వచ్చింది. నట్టు, వాషరు, రబ్బరు బుష్ ఏ వరసలో ఏ ముఖం ఎటు ఉండగా వచ్చాయో అదే వరసలో ఒక తీగకు గుచ్చి పెట్టాను. తర్వాత నకుల్ దగ్గర బాల్ జాయింటు కాడను పట్టి ఉంచే బోల్టు దగ్గరికి వచ్చాను. ఇంటి దగ్గర ఈ పని చేసేవారు ఎక్కువగా చిక్కుకునేది ఇక్కడేనని నా నమ్మకం. ఆ బోల్టు కాడను నొక్కి పట్టడంతో సరిపెట్టుకోదు. కాడకు పక్కన చెక్కిన గాడిలోంచి అడ్డంగా వెళుతుంది. కాబట్టి నట్టు వదులు చేసి సుత్తితో ఎంత కొట్టినా కాడ కిందికి దిగదు. మా వీధిలో ఉండే మావయ్యగారు, ఆర్టీసీలో ముప్పై ఏళ్లు మెకానిక్కుగా చేసి రిటైరైన పెద్దాయన, ప్రహరీ అవతలినుంచి చూసి, "వదులు చేస్తే చాలదు బాబూ, బయటకి లాగీవాలి. గాడిలో కూకుందది, అది తియ్యకుండా కొడితే నకుల్ పగులుద్ది" అని హెచ్చరించారు. బోల్టు పూర్తిగా తీశాక నకుల్ చీలికలో వెడల్పాటి ఉలి మొన పెట్టి రెండు చిన్న దెబ్బలు వేస్తే పట్టు విడిపోయింది. ఆర్మ్‌ను కడ్డీతో కిందికి నొక్కగానే కాడ జారి బయటికి వచ్చింది. బూటు చిరిగిపోతుందన్న భయం లేని పాత జాయింటు కాబట్టి ఇక్కడ కొంత బలం వాడాను.

అక్కడినుంచి నకుల్, స్ట్రట్ కింది భాగం స్వేచ్ఛగా వేలాడుతుంటాయి. వాటిని బయటికి లాగకూడదు. లాగితే ఇంజను శక్తిని చక్రానికి చేర్చే డ్రైవ్ షాఫ్టు లోపలి జాయింటు దాని గూటిలోంచి జారే ప్రమాదం ఉంది, బ్రేకు గొట్టం మీద కూడా లాగుడు పడుతుంది. నేను స్ట్రట్‌ను బయటికి జారకుండా తీగతో కట్టి ఉంచాను. ఆర్మ్ లోపలి చివర బోల్టు తీసి, బారు చివరనుంచి ఆర్మ్‌ను వెలికి లాగాను.

మధ్యాహ్నం భోజనం తర్వాత పాత జాయింటు బూటును కోసి చూశాను. గ్రీజు ఉండాల్సిన చోట ఎర్రమట్టి కలిసి చోడి అంబలిలా చిక్కగా, గరుకుగా ఉంది. గుడ్డతో తుడిస్తే బంతికి ఒక పక్క మాత్రం చంద్రవంకలా మెరిసిపోతూ అరిగింది, రెండో పక్క తుప్పు మచ్చలు గుంటలు పడ్డాయి. వేలి గోరు ఆ అంచు మీద పట్టుకుంది. అంత చిన్న మెట్టే అంత పెద్ద చప్పుడు చేసిందంటే, రోజూ ఆ జాయింటు ఎన్ని వేల సార్లు కదులుతుందో ఊహించవచ్చు.

బిగించే ముందు పాత ఆర్మ్, కొత్త ఆర్మ్ పక్కపక్కన పెట్టి, బుష్ మధ్య నుంచి కాడ మధ్య దాకా టేపుతో కొలిచాను, రెండూ సరిపోయాయి. ఇక్కడ తేడా ఉంటే చక్రం నిలువు వాలు, ముందు భాగం దిశ రెండూ మారిపోతాయి. నకుల్ రంధ్రాన్ని తీగ బ్రష్‌తో తుప్పు లేకుండా శుభ్రం చేసి, కొత్త కాడను పైకి నెట్టి, గాడి సరిగ్గా బోల్టు రంధ్రానికి ఎదురుగా వచ్చేలా చూసుకున్నాను. బోల్టు వేళ్లతో నెట్టితే వెళ్లాలి. వెళ్లకపోతే గాడి ఎదురు పడలేదని అర్థం. సుత్తితో దింపితే మర, కాడ రెండూ చెడతాయి. కొత్త స్ప్లిట్ పిన్ను వేశాను, పాతది మళ్లీ వాడలేదు.

బిగింపు సంగతి కొంత వివరంగా చెప్పాలి. ప్రతి బోల్టుకూ ఎంత బిగించాలో సర్వీసు పుస్తకంలో ఉంటుంది, మోడల్‌ను బట్టి మారుతుంది కాబట్టి ఎవరి బండి పుస్తకం వారే చూసుకోవాలి. నా దగ్గర టార్కు రెంచి లేదు. బస్తాలు తూచే స్ప్రింగు కాటా ఒకటి మా అత్తవారి ఇంటినుంచి తెచ్చుకున్నాను. పుస్తకంలో 6 కిలోగ్రామ్-మీటర్లు అని ఉందనుకుందాం. బోల్టు మధ్యనుంచి 30 సెంటీమీటర్ల దూరంలో పానాకు కాటా కొక్కెం తగిలించి, పానాకు సరిగ్గా అడ్డంగా 20 కిలోలు చూపేదాకా లాగితే ఆ లెక్క సరిపోతుంది. దూరాన్ని మీటర్లలో, లాగుడును కిలోలలో గుణిస్తే చాలు. వాలుగా లాగితే లెక్క తప్పుతుంది. ఈ పద్ధతి మంచి టార్కు రెంచికి సాటి రాదు, చేతి అంచనా కంటే మాత్రం ఎంతో నయం.

జనవరి 26, సోమవారం

ఎడమవైపు పని గంటన్నరలో అయిపోయేది, ఒక్క బోల్టు లేకపోతే. నకుల్ బోల్టు నట్టు వచ్చింది, బోల్టు పానాతో చక్కగా తిరుగుతోంది, కాని బయటికి రావడం లేదు. తుప్పేమోనని అరగంట నూనె పోసి, వెనకనుంచి ఇత్తడి కడ్డీతో తట్టి చూశాను. తర్వాత ఆలోచిస్తే కారణం వేరని తోచింది: స్టెబిలైజర్ బార్ ఆర్మ్‌ను కిందికి లాగుతుండటంతో కాడ గాడి అంచు బోల్టు మీద ఒరిగి కూర్చుంది. రెండో జాకీని ఆర్మ్ కింద పెట్టి వేలి మందం ఎత్తగానే బోల్టు చేత్తో లాగితే వచ్చేసింది. నిన్న కుడివైపు ముందుగా బారు నట్టు తీశాను కాబట్టి ఈ ఇబ్బంది రాలేదు; ఈరోజు తొందరలో ఆ వరస తప్పాను. మొదట బారు నట్టు, ఆ తర్వాతే నకుల్ బోల్టు. మిగిలిన పని నిన్నటిలాగే సాగింది.

ఆర్మ్ లోపలి చివర బుష్ బోల్టులను రెండు వైపులా గాలిలో ఉన్నప్పుడు చేతి బిగువుగా మాత్రమే ఉంచాను. చక్రాలు వేలాడుతుండగా పూర్తిగా బిగిస్తే రబ్బరు బుష్ ఆ వాలులోనే పట్టుబడి, బండి నేలకు దిగాక ఎప్పుడూ మెలిపడి ఉండి త్వరగా చిరుగుతుంది. చక్రాలు బిగించి, బండిని దించి, ముందు భాగాన్ని నాలుగైదు సార్లు కిందికి నొక్కి వదిలి, దాని బరువు మీద అది స్థిరపడ్డాక బుష్ బోల్టులకు చివరి బిగింపు ఇచ్చాను. బిగించిన ప్రతి బోల్టు తల మీదుగా పక్క ఇనుము మీదికి తెల్ల పెయింటుతో ఒక గీత గీశాను. బోల్టు కదిలితే గీత విరిగి కనబడుతుంది.

జనవరి 28, బుధవారం

నెమ్మదిగా నడిపి అలైన్‌మెంటుకు తీసుకెళ్లాను. ఈ బండిలో సర్దగలిగేది టో ఒక్కటే, అంటే ముందు చక్రాల ముందు అంచులు ఎంత లోపలికో బయటికో తిరిగి ఉన్నాయన్నది. కొంత లోపలికి ఉన్నదాన్ని సరిచేశారు. టైరు లోపలి అంచు ఇప్పటికే రంపపు పళ్లలా అరిగి ఉంది కాబట్టి దాని సన్నని హోరు కొంతకాలం ఉంటుంది, అది జాయింటు చప్పుడు కాదు.

ఫిబ్రవరి 8, ఆదివారం

గజపతినగరం దారిలో, అదే ఎర్ర కంకర మీద, వెళ్లివచ్చాను. అవే గుంతలలో అదే వేగంతో స్టీరింగు తిప్పుతూ దింపాను. కంకర టైర్ల కింద నలిగే చప్పుడు తప్ప మరొకటి వినబడలేదు. ఇంటికి వచ్చాక మళ్లీ స్టాండ్ల మీద నిలబెట్టి, అమ్మాయి బ్రేకు తొక్కగా రెండు చక్రాలనూ ఊపి చూశాను, ఆట లేదు. బూట్లు రెండూ పొడిగా, గ్రీజు చెమ్మ లేకుండా ఉన్నాయి. తెల్ల గీతలలో ఒకటి తప్ప ఏవీ చెక్కుచెదరలేదు. కుడివైపు బుష్ బోల్టు గీత మాత్రం వెంట్రుకవాసి పక్కకు జరిగింది. కాటా తగిలించి మళ్లీ బిగించి, పాత గీతను తుడిచి కొత్తది గీశాను.