ఎగిరిపడిన అల్యూమినియం రేకు

బ్యాటరీ తీగ తాకించగానే, గుర్రపునాడా అయస్కాంతపు ధ్రువాల మధ్య వదులుగా వేలాడుతున్న వంటింటి ఫాయిల్ ముక్క చటుక్కున బయటికి ఎగిరింది. తీగలు తారుమారు చేస్తే అంతే చురుగ్గా లోపలికి వంగింది. "అయస్కాంతానికి అల్యూమినియం అతుక్కోదు కదా నాన్నా, మరి ఇదెలా?" అని మా అమ్మాయి నిలదీసింది.

బలం పనిచేసింది రేకు మీద కాదు, అందులో కదులుతున్న ఎలక్ట్రాన్ల మీద. అవి సెకనుకు మహా అయితే ఒకటి రెండు మిల్లీమీటర్లు జరుగుతాయి, కానీ వాటి సంఖ్య లెక్కకు అందనిది.

నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరిచేది ఆ బలం దిశ. అది విద్యుత్ ప్రవాహం వెంటా ఉండదు, అయస్కాంత క్షేత్రం వెంటా ఉండదు, రెండింటికీ లంబంగా ఉంటుంది. అందువల్ల అయస్కాంత క్షేత్రంలో ఎలక్ట్రాన్ దారి వంగుతుందే తప్ప దాని వేగం పెరగదు. మరి రేకును ఎగరేసిన శక్తి ఎక్కడిదంటే, అది బ్యాటరీ చెల్లించినదే. ఈ బలం దిశను చెప్పే ఎడమచేతి మూడు వేళ్ల నిబంధన దగ్గరే పాఠం ముగించడం నాకు ఎప్పుడూ వెలితిగానే అనిపిస్తుంది.

అసలు అయస్కాంతమే అక్కర్లేదని, ఒకే దిశలో ప్రవాహమున్న రెండు సమాంతర తీగలు పరస్పరం ఆకర్షించుకుంటాయని ఫ్రెంచ్ శాస్త్రవేత్త ఆంపియర్ 1820లోనే చూపించాడు. 2019 వరకు, విద్యుత్ ప్రవాహాన్ని కొలిచే ఆంపియర్ అనే ప్రమాణాన్ని ఆ ఆకర్షణతోనే నిర్వచించారు.